మూడు కంప్యూటర్లు, ఒక బదనిక

శనివారం ఉదయం సుసన్నా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికల్లా రెడ్డిగూడెంలో మేనమామ పాల్ రాజు మామిడి షెడ్డుకు వెళ్లడం, పెట్టెల మీద అంటించే స్టిక్కర్ల కోసం తను పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం నడిపి చూపించడం, తొమ్మిదికి నూజివీడు తిరిగొచ్చి తీరిగ్గా పెసరట్టు తినడం. ఇంట్లో తన లైనక్స్ ల్యాప్‌టాప్‌లో అది నెల రోజులుగా చక్కగా నడుస్తోంది. షెడ్డులోని విండోస్ కంప్యూటర్లో కూడా దానికి కావలసినవన్నీ జాబితా ప్రకారం గురువారమే ఎక్కించింది. కరెంటు పోవడంతో నడిపి చూడలేదు గానీ, చూడవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు.

స్టిక్కర్ లేని పెట్టె తీసుకోనని హైదరాబాద్ వ్యాపారి ఖరాఖండిగా చెప్పాడు. లారీ ఒంటిగంటకు కదలాలి. నాలుగు వందల పెట్టెల చిన్న రసాలు ఇవాళ వెళ్లకపోతే సోమవారానికి మెత్తబడి ఎందుకూ పనికిరావు. పైగా ఇది సుసన్నా సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఆ సంగతి చర్చిలో తెలియనివారు లేరు, ఆమే చెప్పింది.

మౌస్ నొక్కింది. ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఏదో దొరకడం లేదని ఎర్రక్షరాలతో సణిగి ఊరుకుంది.

"దీన్నెవరైనా ముట్టుకున్నారా మావయ్యా?"

"శుభ్రం చేశానమ్మా," అన్నాడు పాల్ రాజు గర్వంగా. "పైథాన్ అని ఒకే పేరుతో రెండున్నాయి, పాతదీ కొత్తదీ. చెట్టు మీద చెట్టు మొలిస్తే బదనికే కదా! పాతదాన్ని పీకేశా."

మామిడి కొమ్మల మీద మొలిచి చెట్టు సారం పీల్చేసే బదనికను నలభై ఏళ్లుగా నరుకుతున్న చెయ్యి అది. సుసన్నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ బదనికలు తోటలో కొట్టుకోండి! కంప్యూటర్ జోలికి ఎవరు రమ్మన్నారు?"

పాల్ రాజు ముఖం చిన్నబోయింది.

పీకేసినదాన్ని మళ్లీ ఎక్కిద్దామని ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చింది. ఆ వాసన తగలగానే విండోస్ తన అప్‌డేట్ మొదలెట్టి, ఆపవద్దని హెచ్చరించి, ముప్పై శాతం దగ్గర బైఠాయించింది. ఈలోగా ల్యాప్‌టాప్ తెరిచింది. ప్రోగ్రాం వెంటనే నడిచింది గానీ, స్టిక్కర్ల ప్రింటర్‌కు లైనక్స్ అంటే గిట్టలేదు.

షెడ్డు మేస్త్రి నరసింహులు ప్రింటర్ అట్టపెట్టెను తిప్పి చూశాడు. "ఇక్కడ విండోస్, మ్యాక్ అని రాసుందండీ. మ్యాక్ కంప్యూటర్ ఆగిరిపల్లి ఫోటో స్టూడియోలో ఉంది."

పదకొండున్నరకు స్టూడియో ఆనంద్ బాబు ఎవరిదో బండి వెనక కూర్చుని, కంప్యూటర్‌ను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని దిగాడు. మ్యాక్ మాత్రం, ఈ ప్రోగ్రాం రాసిందెవరో తెలియదు కాబట్టి తెరవనంది.

పాల్ రాజుకు పౌరుషం వచ్చింది. "తెలియకపోవడమేంటి! మా చెల్లెలు మగ్దలేనమ్మ కూతురని చెప్పమ్మా దానికి!"

"దానికి మగ్దలేనమ్మ గారూ తెలీదండీ," అన్నాడు ఆనంద్ బాబు వినయంగా.

సుసన్నా ఎలాగో మ్యాక్‌ను ఒప్పించి, జాబితాలోవన్నీ దానిలోనూ ఎక్కించింది. నొక్కింది. మళ్లీ అవే ఎర్రక్షరాలు. అప్పటికి విండోస్ నిద్ర లేచింది, పాత పైథాన్ కూడా వచ్చి కూర్చుంది. అక్కడా అవే ఎర్రక్షరాలు.

పాల్ రాజు చెయ్యి తగలని కంప్యూటర్ కూడా అదే మాట అంటోంది. సుసన్నా పొద్దుటినుంచి మొదటిసారి ఆ అక్షరాలను చివరిదాకా చదివింది. దొరకనిది పైథాన్ కాదు, స్టిక్కర్ మీద క్యూఆర్ కోడ్ గీసే చిన్న ప్రోగ్రాం ముక్క. దీనితో పనేముందిలే అని బుధవారం తనే దాన్ని జాబితాలోంచి కొట్టేసింది. ల్యాప్‌టాప్‌లో అది ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఇంట్లో లోటు తెలియలేదు.

సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పు నాదే మావయ్యా. ఒకటి నేనే తీసేశాను."

"ఎందుకమ్మా?"

"అక్కర్లేదనుకున్నా."

"ఓహో," పాల్ రాజు తల పంకించాడు. "బదనిక అనుకున్నావన్నమాట."

ఆ ముక్క విండోస్‌లో ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టింది. ప్రింటర్ గరగరమంటూ స్టిక్కర్లు కక్కింది, కూలీలతో పాటు ఆనంద్ బాబు కూడా అంటించాడు, లారీ ఒంటిగంటా నలభైకి కదిలింది. పాల్ రాజు మేనకోడలి చేతిలో ఒక పండు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"అయితే ఇందాక నువ్వు మళ్లీ ఎక్కించిన పాతదానితో పనేం లేదా అమ్మా?"

"లేదు మావయ్యా."

"మరి పీకేయనా?"

సుసన్నా మౌస్ ఊడదీసి తన బ్యాగులో వేసుకుంది.