శౌరి చెప్పిన ఆనవాళ్ళు

ఆ సోమవారం ఉదయం ఇన్నమ్మ తలపెట్టిన పని చిన్నది. ఆవకాయకు నాలుగు గంపల కాయలు కోయించాలి. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. నూజివీడు దాపున ఉన్న ఆ మామిడితోటకు ఆమె కాపలా. ఆమెకు శౌరి తోడు.

శౌరి ఈ లోకపు ప్రాణి కాదు. యుద్ధం ముగిసిన ఏడు, కతోలికుల శౌరివారి పండుగ నాడు, ఏ చుక్క నుంచో రాలి చిన్నరసం చెట్టు కొమ్మల్లో చిక్కుకుంది. విరిగిన కాలికి కట్టు కట్టించి, ఆ పండుగ పేరే పెట్టుకుంది ఇన్నమ్మ. మేకంత ఆకారం, ఆరు కాళ్ళు, అచ్చం ఇన్నమ్మ మాటలాంటి మాట. మనసు ఎటు తిరిగితే ఒళ్ళు ఆ రంగుకు తిరిగేది. కాయను వాసన చూసి లోపల పురుగుందో లేదో చెప్పేది. ఊరు మొదటి వారం ఆశ్చర్యపోయింది. రెండో వారం అలవాటుపడింది. మూడో వారం నుంచి గంపలు మోసుకొచ్చి వాసన చూడమంది.

ఆ ఉదయం పక్కతోటలో పురుగు వాసన తగిలి, ఆ మాట చెప్పి వద్దామని శౌరి కంచె దాటింది. ఆ తోట మునసబు లక్ష్మీనరసింహారావుది. మూడేళ్ళుగా శౌరి ముక్కు మీద ఆశపెట్టుకున్న మునసబు, పరాయి పశువు మేతకు పడిందని రాసి, దాన్ని బందెలదొడ్డికి తోలించాడు.

అక్కడో నియమం ఉంది: దొడ్డికి వీపు పెట్టి నిలబడి, మూడుసార్లలోగా ఆనవాళ్ళు సరిగ్గా చెప్పినవారికే పశువును వదలాలి. లేకుంటే సాయంత్రం వేలం. మునసబు మీద పాట పెంచే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

"గోధుమ రంగండీ" అంది, కబురు విని వచ్చిన ఇన్నమ్మ. ఆమె గొంతు విన్న సంతోషంతో శౌరి పసుపుపచ్చగా మారిపోయింది.

"తప్పు" అన్నాడు మునసబు.

"అయితే పసుపేనండీ. నన్ను చూస్తే అంతే అది." ఈలోగా తన వల్లే ఈ తంటా వచ్చిందని శౌరి సిగ్గుతో బూడిదరంగుకు దిగింది.

"తప్పు. ఇంకొక్కసారే."

"ఇన్నమ్మా, తొందరపడకు, నేను కుదురుకుంటా" అంది శౌరి లోపలినుంచి.

"పశువులు మధ్యలో మాట్లాడకూడదు" అని మునసబు గద్దించాడు. శౌరి కోపంతో ఎర్రబడింది. "బూడిదండీ" అంది ఇన్నమ్మ.

మూడూ తప్పాయి. ఇన్నమ్మ దొడ్డిలోకి నడిచి, శౌరి పక్కన చతికిలబడింది. "దీన్ని వదిలితేనే నేను లేస్తానండీ."

సాయంత్రం దొడ్డి కాపలాదారు సువర్ణరాజు రిజిస్టరు చదివాడు. "గేదెలు రెండు, గాడిద ఒకటి, శౌరి ఒకటి, ఇన్నమ్మ ఒకటి."

"ఆవిణ్ణెందుకు రాశావయ్యా?" అన్నాడు మునసబు.

"లోపలున్నవన్నీ రాయమని తమరేగా అన్నారండీ. సిరాతో రాసేశాను. ఇక యజమాని వచ్చి ఆనవాళ్ళు చెప్పాల్సిందే. ఇంకోటండీ, ఆరు కాళ్ళని రాస్తే తాసీల్దారుగారే చూడ్డానికి వస్తారేమో."

తాసీల్దారుకూ తోటలున్నాయి. మునసబు గతుక్కుమన్నాడు.

"మాట్లాడేది పశువెలా అవుతుందయ్యా? శౌరిని మనిషని రాసి వదిలెయ్. రేపట్నుంచి మా తోటలో కూలి."

సువర్ణరాజు రాశాడు. శౌరి బయటికి వచ్చి ఒళ్ళు దులుపుకుంది.

"మనిషినైతే కూలికి వచ్చేదీ రానిదీ నేనే చెప్పాలి గదండీ. రానండీ. నా పశువు ఒకటి లోపలుంది, దాన్ని విడిపించుకోవాలి."

మునసబు నోరు తెరిచేలోగా అది దొడ్డికి వీపు పెట్టి నిలబడింది.

"ఎడమ మోకాలి మీద మచ్చ. నన్ను కొమ్మల్లోంచి దించుతూ జారిపడ్డప్పటిది. కుడి చెవికి కమ్మ లేదు. నా కాలికి కట్టు కట్టిన డాక్టరుగారికి ఇచ్చేసింది. జపమాల చెప్పేటప్పుడు నాలుగో పూసకే కునుకుతుంది. రంగు మాత్రం మూడేళ్ళుగా చూస్తున్నానండీ, ఒక్కసారీ మారలేదు."

ఇన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ లేచి వచ్చింది. సువర్ణరాజు రిజిస్టరులో ఇన్నమ్మ పేరుకెదురుగా గడులన్నీ నింపాడు. ‘పొడిచే స్వభావం కలదా’ అన్న గడి దగ్గర కలం ఆపి, ఒకసారి మునసబు ముఖం చూసి, ‘కలదు’ అని రాసుకున్నాడు.