హెర్మోన్ మందిరం కదలదు

కదిలే కొండను కాగితం మీద ఆపిన ఘనత ప్రపంచంలో మా వేల్స్ లోయకే దక్కింది. కింద బొగ్గంతా మా తాతలూ తండ్రులూ తవ్విపోశారు. గని మూసేసినవాళ్లు ఖాళీని మాత్రం మాకే వదిలి వెళ్లారు (పోనీలెండి, అదైనా ఉచితంగా). ఆ ఖాళీలోకి మా వీధి మెల్లగా దిగుతోంది. దిగుతోందని మేమంటాం, భూచలన పర్యవేక్షక మండలి అనదు.

మండలి పద్ధతి మహా శాస్త్రీయమైనది. ప్రతి గడపకూ ఒక ఇత్తడి మేకు కొట్టారు. అది ఎంత దిగిందో కొలవాలంటే ఎన్నటికీ దిగని చోటు ఒకటి కావాలి కదా! అందుకు వీధి చివరి హెర్మోన్ మందిరాన్ని ఎంచుకున్నారు. రాతి కట్టడం, పైగా దేవుడిది. మందిరం కన్నా కిందికి దిగితేనే ఇల్లు దిగినట్టు. మందిరమే దిగితే? నిబంధనల ప్రకారం అది దిగని చోటు కనుక దిగదు. కొలత అయిపోగానే అందరి ఫోన్లకూ సందేశం వస్తుంది: “మీ ఇల్లు కదలలేదు. ధన్యవాదాలు.”

ఈ ధన్యవాదాలు మింగుడు పడనిది మా పక్కింటి ఎలూనెడ్ ఆంటీకి. ఆమె భర్త ఇడ్వాల్ ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. మంచం నుంచి కిటికీ దాకా వెళ్లాలన్నా మధ్యలో కూలబడాలి. కొండ జారితే కాళ్లున్నవాళ్లు పరుగెడతారు, ఆయన్ను ఏం చేయాలి? వానలు ముదిరేలోగా దిగువన మెట్లులేని ఇల్లొకటి ఇప్పించండని ఆంటీ అర్జీ పెట్టింది. కదిలిన ఇళ్లవాళ్లకే ఇస్తామన్నారు.

ఆమె పోరు పడలేక, మందిరాన్ని స్వయంగా చూడటానికి మండలి అధికారి నెవిల్ హార్‌గ్రీవ్ గారు ఒప్పుకున్నారు. అది ఒరిగిందని ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. ప్రభువు బల్ల ఆరాధన నాడు అందరికీ పంచే ద్రాక్షరసపు చిట్టి గ్లాసులు పళ్లెంలో వాటంతటవే ఎడమకు నడుస్తాయి. అటు చివర కూర్చున్నవాళ్లు అరచెయ్యి అడ్డు పెట్టడం మా భక్తిలో భాగమైపోయింది. ఆయన ఒక్కసారి చూస్తే చాలు, పనైపోతుంది అనుకున్నాం.

కానీ చుట్టం వస్తున్నాడంటే గుమ్మం మెట్టును కూడా సబ్బుతో తోమే జాతి మాది. నగరం నుంచి పెద్దమనిషి వస్తున్నాడనగానే సంఘ పెద్ద మ్యూరిగ్ ఊరందర్నీ పోగేశాడు. పగుళ్లకు సున్నం పడింది. ఒరిగిన బల్లల కాళ్ల కిందికి పాత కీర్తనల పుస్తకాలు వెళ్లాయి. హార్‌గ్రీవ్ గారు బల్ల మీద రసమట్టం పెట్టి చూశారు. బుడగ నడిమధ్యన బుద్ధిగా నిలబడింది.

ఆంటీకి ఒళ్లు మండింది. “మ్యూరిగ్, నువ్వు చెప్పు. పోయిన ఆదివారం గ్లాసు జారి నీ ఒళ్లో పడలేదూ?”

హెర్మోన్ ఒరిగిందన్న మాట కింది ఊరి సీయోను మందిరంవాళ్ల చెవిన పడితే తరతరాలు నవ్వుతారు. మ్యూరిగ్ కోటు సర్దుకున్నాడు. “మా తాత పేర్చిన రాళ్లమ్మా ఇవి. వెంట్రుకవాసి కదల్లేదు. నా చెయ్యి వణికింది, అంతే.”

“చెయ్యి కాదయ్యా, నీ బుర్ర ఒరిగింది. సరే, ఆ పరువునే పట్టుకుని వేలాడు. రేపు కొండ జారిననాడు ఇడ్వాల్‌ను నువ్వే మోద్దువుగాని.”

మోశాడు కూడా. నవంబరు వానలకు ఒక ఉదయం గోడలు మూలిగాయి, అందరం బయటపడ్డాం. మ్యూరిగ్ ఇడ్వాల్‌ను కుర్చీతో సహా ఎత్తుకుని, ఏడుస్తూ దిగువకు చేర్చాడు. మా వెనకే వీధీ మందిరమూ ఒకదాన్నొకటి వదలకుండా జారి, చెరిసమానంగా కింద కూర్చున్నాయి.

ఇడ్వాల్‌ను బడి హాల్లో పడుకోబెట్టి ఆంటీ మళ్లీ అర్జీ పెట్టింది. మండలి ఆఘమేఘాల మీద వచ్చింది (ఆ వేగం మేము మునుపెన్నడూ ఎరగం). మేకుల నుంచి మందిరానికి కొలిచి, పాత కొలతతో పోల్చి, తేడా ఏమీ లేదని తేల్చింది. సాయంత్రానికి సందేశం వచ్చింది. ఆంటీ దాన్ని ఇడ్వాల్‌కు చదివి వినిపించింది.

“మీ ఇల్లు కదలలేదు. మా పరిశీలనలో ఆ చిరునామా నుంచి కదిలినది శ్రీ ఇడ్వాల్ గారు మాత్రమే. తమంతట తాము కదిలినవారికి ఇల్లు వర్తించదు. ధన్యవాదాలు.”