నలభై రెండో చెట్టు దగ్గర అంతా క్షేమం

ఒక పెద్ద అడవిలో ఆపద వస్తే అరవడం తేలికే. ఆ అరుపు, వచ్చి కాపాడాల్సిన ఏనుగు చెవిన పడేసరికే నానా తిప్పలూ అయ్యేవి. అందుకని నక్క ఒక కాకుల కంపెనీ పెట్టింది. చెట్టుకో నంబరు, చెట్టుకో కాకి. కింద ఎవరు అరిచినా ఒక కాకి అందుకుని పక్క చెట్టు కాకికి చెప్పేది, అది ఆ పక్కదానికి. అలా కబురు ఏనుగుకు చేరేది.

చిక్కల్లా ఒకటే. "కాపాడమంటారు సరే, ఎక్కడికి రావాలి? అడవంతా తొక్కుకుంటూ తిరగనా?" అని ఏనుగు మొత్తుకుంది.

దాంతో కాకుల నియంత్రణ మండలి సమావేశమైంది. అధ్యక్షుడు ఎలుగుబంటి. "ఇకమీదట ప్రతి కేకతోనూ చోటు చెప్పాలి. లేదంటే లైసెన్సు రద్దు!" అంటూ బల్ల గుద్దింది.

నక్క చేతులు కట్టుకుంది. "తమరి మాట శిరోధార్యం. కానీ అరిచినవాళ్ళని వెతకాలంటే కాకి ఎగరాలి. రెక్కలు అరిగిపోవూ? కాకి కూర్చున్న చెట్టు నంబరు చెబితే చాలదా అయ్యా? అరిచినవాళ్ళు ఆ చుట్టుపక్కలే ఉంటారు కదా!"

"చుట్టుపక్కలంటే?"

"మహా అయితే కొండ అవతల."

వానలు పడేలోగా సింహానికి నివేదిక పంపాలి. ఎలుగుబంటి సరేనంది. నూటికి నూరు కేకలకూ చోటు చెప్పారని నివేదిక వెళ్ళింది. సింహం మెచ్చుకుంది.

వానలు మొదలైన రోజునే ముళ్ళపంది అవ్వ పుట్టగొడుగుల కోసం వెళ్ళి, దారి మరిచిపోయి, గోతిలో పడింది. గోతిలోకి నీళ్ళు జారుతున్నాయి.

"కాపాడండి నాయనా!"

నలభై రెండో చెట్టు కాకి అందుకుంది. "ఎక్కడున్నావవ్వా?"

"అది గుర్తుంటే ఇంటికే పోయేదాన్ని కదరా! ఒక్కసారి ఎగిరి చూడు."

"ఎగరడం రూల్లో లేదవ్వా."

కబురందుకుని ఏనుగు పరుగున నలభై రెండో చెట్టుకు వచ్చింది. వాన హోరులో రెండుసార్లు పిలిచింది. జవాబు లేదు. కాకిని అడిగింది, "నువ్వు బాగానే ఉన్నావా?"

"భేషుగ్గా ఉన్నాను."

"ఇక్కడంతా క్షేమం" అని రాసుకుని వెళ్ళిపోయింది.

గోతిలో నీళ్ళు అవ్వ మెడదాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే కొత్త పద్ధతి ఎలా నడుస్తోందో చూద్దామని బయలుదేరిన ఎలుగుబంటి, తల పైకెత్తి చెట్ల నంబర్లు చదువుకుంటూ వచ్చి అదే గోతిలో పడింది.

"అమ్మో, ముళ్ళు!"

"చూసుకుని పడొద్దా బాబూ!" అంటూ అవ్వ దాని భుజమెక్కింది.

ఎలుగుబంటి గొంతు చించుకుంది. "కాపాడండి!"

"ఎక్కడున్నారు?" అంది కాకి.

"నాకేం తెలుసు!"

"పర్వాలేదండీ. రూలు ప్రకారం మీరు నా చెట్టు దగ్గరే ఉన్నారు."

"ఒరే, నేను మండలి అధ్యక్షుణ్ణి! మీ కంపెనీ లైసెన్సు..."

మాట పూర్తికాకముందే కాకి ఎగిరింది. నాలుగుసార్లు రెక్కలాడించేసరికి గొయ్యి కనబడింది. ఏనుగు వచ్చి తొండంతో ఇద్దరినీ పైకి లాగింది.

వణుకుతూనే అవ్వ అడిగింది. "ఇంత దగ్గరట్రా! నాకోసం ఎగరలేకపోయావా?"

"లైసెన్సు రద్దు చేయడం నీకు రాదు కదవ్వా!"

మర్నాడే మండలి రూలు సవరించింది: అధ్యక్షులు గోతిలో పడినప్పుడు కాకులు తప్పక ఎగరవలెను.

నీతి: గోతిలో పడక తప్పనప్పుడు, తోడుగా ఒక అధ్యక్షుడు కూడా పడేలా చూసుకోండి.