తొమ్మిది సిలిండర్ల సర్వీసు

కొండవాక విమానాశ్రయంలో విమానం లేదు, ఇంజను ఒక్కటే ఉంది. దానికి ఎదురుగా కూర్చుని చప్పుడు విన్నవాళ్లు విశాఖపట్నం చేరిపోతారు. ముప్ఫై ఏళ్లుగా ఇదే పద్ధతి. రెక్కలు, చక్రాలు, సీట్లు ఇంకా మంజూరు కావాలి. ఈలోగా సర్వీసు ఆగకూడదని, ముందుగా వచ్చిన పాత పిస్టన్ ఇంజన్ను సిమెంటు దిమ్మకు బిగించి, ఎదురుగా నలభై మందికి బెంచీలు వేశారు.

మెకానిక్కు నూకరాజు ఉదయం ఎనిమిదింటికి వచ్చి ప్రొపెల్లరును చేత్తో తొమ్మిదిసార్లు తిప్పుతాడు. గుండ్రంగా అమర్చిన తొమ్మిది సిలిండర్లలో కిందివాటిలోకి దిగిన నూనెను అలా సముదాయించి బయటికి పంపకపోతే ఇంజను పాడైపోతుంది. తర్వాత స్టార్టరు. ముందు ఒక దగ్గు, గుప్పున తెల్లటి పొగ. ఒక సిలిండరు అందుకుంటుంది, మూడోది అలుగుతుంది, ఐదోది బతిమాలుతుంది, ఉన్నట్టుండి తొమ్మిదీ కలిసి గుబగుబగుబమని పరుగందుకుంటాయి! టీ గ్లాసులు బల్ల మీద నడుస్తాయి. చప్పుడు బెంచీలోంచి వెన్నులోకి ఎక్కి పొట్టలో చక్కిలిగింతలు పెడుతుంది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ తహసీల్దారుగారు సైతం కాళ్లూపుతూ కిసుక్కుమంటారు. ఆ నవ్వు మధ్యలోనే అందరూ మాయమై, చెదిరిన జుట్టుతో, అదే నవ్వుతో విశాఖలో దిగుతారు. సామాను పదిహేను కేజీలు మించరాదు.

ఇంత బాగా నడుస్తున్నదాన్ని పైవాళ్లు ఊరికే వదిలేస్తారా? తనిఖీకి వచ్చిన డైరెక్టరు భుజంగరావు ఇంజను కింద నూనె మరక చూసి, "కారుతోంది," అన్నాడు.

"కారితేనే మంచిది బాబూ. కారడం మానేసిందంటే లోపల నూనె అయిపోనాదన్నమాట," అన్నాడు నూకరాజు.

'కారుట నిజమేనని సిబ్బంది అంగీకరించిరి' అని డైరెక్టరు రాసుకున్నాడు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఇంజను చప్పుడును రికార్డు చేసి, అందులోంచి దగ్గు, తడబాటు, పొగ తొలగించి, స్పీకరులో వినిపించాలి. ఆర్నెల్లలో ఫిర్యాదులు రాకపోతే ఇంజన్ను తుక్కులో వేయాలి.

కొత్త పద్ధతిలో మొదటిరోజు వెళ్లినవాళ్లలో నూకరాజు భార్య రాములమ్మ ఉంది. కూతురు మంగకు కొడుకు పుట్టాడు, చూడ్డానికి బయల్దేరింది. స్పీకరు నున్నగా, ఒకే తీరున మోగింది. నలభై మందీ చేరారని విశాఖ నుంచి కబురొచ్చింది. అయితే బెంచీల మీద కూడా నలభై మంది మిగిలారు, కాస్త పలచబడి.

"ఏటే, నువ్వెళ్లలేదా?" అన్నాడు నూకరాజు.

"ఎలిపోనాను కదేటి. ఒళ్లూ, చీరా, సంచీ అన్నీ ఎలిపోనాయి. మనసొక్కటే ఇక్కడుండిపోనాది," అని రాములమ్మ పకపకా నవ్వింది. "ఓపాలి ఆ ముసిలి ఇంజన్ని దగ్గించవయ్యా, ఇనాలనుంది!"

నూకరాజు వెంటనే ఫిర్యాదు రాశాడు. ఫిర్యాదును చేరిన ప్రయాణికులే, చేరిన చోటే ఇవ్వాలని జవాబొచ్చింది. చేరినవాళ్లకు ఫిర్యాదు చేసే మనసు లేదు. మనసున్నవాళ్లు రిజిస్టరు ప్రకారం వెళ్లిపోయారు. పైగా అన్ని ఆఫీసుల నుంచీ మెచ్చుకోలు ఉత్తరాలు వచ్చాయి. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడుతున్నందుకు తహసీల్దారుగారికి ఉత్తమ ఉద్యోగి పురస్కారం ఇచ్చారు.

ఆర్నెల్లయ్యాయి. హాలు నిండా మనసులే. పొద్దస్తమానం బుగ్గలు పూరించి ఇంజన్ను అనుకరిస్తూ, తప్పు పాడినవాళ్లను వెక్కిరిస్తూ, నవ్వలేక దొర్లుతున్నాయి. మర్నాడు తుక్కు లారీ వస్తుందనగా నూకరాజు తెగించాడు. అసలు ఇంజను ఒక్కసారి మోగితే ఇవన్నీ వెళ్లి వాటి మనుషుల్లో పడతాయి. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. ప్రొపెల్లరును తొమ్మిదిసార్లు తిప్పి, స్టార్టరు మీద చెయ్యి పెట్టి, కూతురికి ఫోన్ చేశాడు.

"ఇక్కడుండిపోయిన అమ్మ మనసుని ఇప్పుడు పంపిస్తన్నానే."

మంగ గొంతు తగ్గించింది.

"ఇప్పుడెందుకు నాన్నా? అమ్మ ఇక్కడ బంగారంలా ఉంది. పిల్లాణ్ణి చూసుకుంటంది, వంట చేసేస్తంది. పాటల్లేవు, మా అత్తతో వాదనల్లేవు. ఏదడిగినా తలూపుతాది. ఇంట్లో అందరికీ నచ్చీసింది. నువ్వూ ఆ కొత్తదాన్లోనే వచ్చీ."

నూకరాజుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే స్టార్టరు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఏటన్నాది పిల్ల?" అంది రాములమ్మ.

"నువ్వు బాగున్నావంట."

"బాగుంటాను మరి!" అని ఆమె విరగబడి నవ్వింది.

లారీ వచ్చి ఇంజన్ను తీసుకుపోయింది. నూకరాజును విశాఖకు బదిలీ చేశారు, అక్కడి స్పీకరుకు స్విచ్చి వేయడానికి. సోమవారం అతను సంచితో బెంచీ మీద కూర్చుని నున్నటి చప్పుడు విన్నాడు. రాములమ్మ పక్కన ఇంకొకరు పలచగా మిగిలారు. ఇద్దరూ బుగ్గలు పూరించి గుబగుబమనడం మొదలుపెట్టారు.

విశాఖలో అల్లుడు ఎదురొచ్చాడు. "ప్రయాణం బాగా జరిగిందా మావయ్యా?"

"బాగా జరిగింది," అన్నాడు నూకరాజు.