వణుకుకు నూటికి నూరు

కదలలేని వృద్ధులందరూ ఇకమీదట ఆడుతూ పాడుతూ కదలవలసిందేనని చలన పునరుద్ధరణ మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. (తీర్మానం నకలు కీళ్ళకు ఇంకా అందలేదు.) ఇందుకై రూపొందించిన పరికరంలో మణికట్టుకొక పట్టీ, గోడకొక తెర, తెరమీదొక పిచ్చుక ఉంటాయి. చెయ్యి లేపితే పిచ్చుక ఎగురుతుంది. ఎంత ఎగిరితే అంత ఆరోగ్యం.

రూపకర్తలు వార్ధక్యాన్ని లోతుగా అధ్యయనం చేశారు. మోకాళ్ళకు ఇసుక సంచులు కట్టుకుని ఒక పూటంతా మెట్లెక్కారు. ఆపైన సంచులు విప్పేసి భోజనానికి వెళ్ళారు. (విప్పేసే సదుపాయం వృద్ధులకు ఇంకా మంజూరు కాలేదు.)

మా వదినది వణుకుడు జబ్బు. అది చేతిని ఆగనివ్వదు, కాలిని సాగనివ్వదు. ఆవిడ కోరిక ఒక్కటే: ఎవరినీ పిలవకుండా స్నానాలగదికి వెళ్ళిరావడం. మండలి పంపే ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఇంటికి వచ్చి, నడుం పట్టి లేపి, ఆ గుమ్మం దాకా నడిపించేది.

మండలివారు వచ్చి పట్టీ కట్టింది మొదలు పిచ్చుక వాలిన పాపాన పోలేదు. వదిన కుర్చీలో ఊరకే కూర్చున్నా అది రెక్కలు విదిలిస్తూనే ఉంది. నెల తిరక్కుండానే మండలి ఆవిడను ‘సంపూర్ణ చలనశీలి’గా ప్రకటించి, కోలుకున్నవారికి మనిషి సాయం అనర్థదాయకమన్న నిబంధన మేరకు ఫిజియోథెరపిస్టును మాన్పించింది.

నేను మండలికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. పురోగతి పర్యవేక్షకుడు పలికాడు.

“కంగ్రాట్స్ అమ్మమ్మగారూ! మీ ఏరియాలో మీరే ఫస్ట్!”

“నేనేం చెయ్యలేదు నాయనా. చెయ్యి వణికిందంతే,” అంది వదిన.

“డేటాలో వణుకు లేదండీ. అన్నీ కదలికలే.”

“నీ డేటాలో లేకపోతే నా దగ్గర బోలెడుంది, కాస్త పట్టుకెళ్ళు.”

“పోనీ, ఒక్కరోజు చెయ్యి కదపకుండా ఉంచండి. మళ్ళీ పరిశీలిస్తాం.”

“అది నా చేతుల్లో ఉంటే నీకు ఫోనెందుకయ్యా?”

ఈ సమాధానాన్ని ఆయన ‘లబ్ధిదారు ఉత్సాహం: అత్యధికం’ అని నమోదు చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున వదిన ఎవరినీ పిలవకుండానే బయలుదేరింది. (సంపూర్ణ చలనశీలికి ఆమాత్రం హక్కుంటుంది.) గుమ్మం దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. నేను చేరేసరికి మణికట్టు మీది పట్టీ పసిపాప గొంతుతో ముద్దుగా అంటోంది:

“అద్భుతం! ఇదే వేగంతో ఇంకొక్కసారి!”