రెండో కనెక్షన్ లేని ఇల్లూ ఒక ఇల్లేనా?

మా బామ్మర్దిని అందరూ స్పీడు అంటారు. ఆ స్పీడు మీద నాకు పీకలదాకా కోపం ఉంది. ఇంట్లో ఒకే కంప్యూటరుకి ఒకేసారి రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు తగిలించుకోవచ్చన్న సంగతి వాడు ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు. ఇంత సుఖం ఉందని ముందే తెలిస్తే నేను ఒంటి కనెక్షన్‌తో దిక్కులేనివాడిలా బతికేవాణ్ణా?

అయ్యా, అమ్మా, మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయి? ఒక్కటేనా? సరే, నాతో అన్నారు కాబట్టి సరిపోయింది. బయట మాత్రం అనకండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఏడో తరగతిలోనే చదువుకి దణ్ణం పెట్టేశాను. మార్కెట్ కాంప్లెక్సులో మెట్ల కింద కూర్చుని సూట్‌కేసులు, బ్యాగులు బాగుచేస్తాను. ఊడిన చక్రం, తెగిన పట్టీ, నోరు మూయని జిప్పు, ఏదైనా తీసుకురండి. ఇలాంటివాడికి కంప్యూటర్ల గురించి రాసే అర్హత ఏముందని మీరు అనుకోవచ్చు. అర్హత ఉన్నవాళ్ళు రాసినవి చదివి మీరు ఏం బాగుపడ్డారో ముందు అది చెప్పండి.

ఈమధ్య మార్కెట్ ఆఫీసువాళ్ళు జాగాల వేలంపాటని ఆన్‌లైన్‌లోకి ఎక్కించారు. ఎవరి జాగా వాళ్ళే మళ్ళీ పాడుకోవాలి, అదీ ఇంట్లో కూర్చుని, కంప్యూటర్లో. సాయంత్రం నాలుగింటికి పాట బంద్. ఆలోపు బటన్ నొక్కనివాడు సామాను సర్దుకోవాలి. మా ఇంటి కనెక్షన్ చూస్తే గాలి వీస్తే పోతుంది, వీయకపోతే ఉక్కపోసి పోతుంది. నాకు అన్నం సహించలేదు.

అప్పుడు వచ్చాడు స్పీడు.

"బావా, తీగ ఒకటి ఉంది కదా, దానికి తోడు వెనకాల సిమ్ కార్డుతో నడిచే డాంగిల్ ఒకటి గుచ్చు. ఇది పోతే అది లాగుతుంది."

"ఇది పోయినప్పుడే గుచ్చుకుంటాలేరా."

"గుచ్చేలోపు నీ జాగా ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. రెండూ ఒకేసారి ఉండాలి బావా. బండికి స్టెప్నీ ఉండదూ?"

స్టెప్నీని బండికి ఐదో చక్రంగా తగిలించి ఎవడూ నడపడని నాకు ఆ క్షణాన తోచలేదు. వేలెడంత డాంగిల్ కొన్నాను. కంప్యూటరు వీపున గుచ్చాను. ఆ రోజు నుంచి మొదలైంది నా వైభోగం!

మొట్టమొదట, నాకు మర్యాద పెరిగింది. పూర్వం నెట్ పోతే ఒక్క కంపెనీకే ఫోన్ చేసేవాణ్ణి. ఇప్పుడు రెండు కంపెనీలు నన్ను సార్ అంటున్నాయి. తీగ కంపెనీ అమ్మాయి, "సార్, ఆ డాంగిల్ తీసేయండి, మా లైనుకి అడ్డొస్తోంది" అంటుంది. డాంగిల్ కంపెనీ అమ్మాయి, "సార్, ముందు ఆ తీగ పీకేయండి" అంటుంది. ఇద్దరి మాటా విని రెండూ పీకేశాను. రెండు కంపెనీలవాళ్ళూ సమస్య తీరినందుకు సంతోషమని మెసేజ్ పెట్టారు. ఇద్దరు కోడళ్ళున్న మామగారికైనా ఇంత ఐకమత్యం చూసే భాగ్యం ఉంటుందా?

రెండోది, సంసారంలో శాంతి. ఇదివరకు నెట్ పోగానే మా ఆవిడ నన్ను తిట్టేది. ఇప్పుడు కాస్త ఆగి విచారణ చేస్తుంది.

"ఏమండీ, ఇప్పుడు పోయింది మీరు పెట్టించిందా, మా తమ్ముడు పెట్టించిందా?"

"మీ తమ్ముడిదే."

"అయితే వచ్చేస్తుందిలెండి."

లోకజ్ఞానం సంగతి ఇంకా చెప్పనేలేదు. మా కంప్యూటరు తీగ మీద నడుస్తున్నంతసేపూ మేము మా ఊళ్ళోనే ఉంటాం. ఎటూ తేల్చుకోలేక అది అప్పుడప్పుడు డాంగిల్ మీదికి గోడ దూకుతుంది. దూకిందంటే నేను ఎక్కడో సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో ఉన్నట్టు చూపిస్తుంది. ఒకరోజు వాతావరణం చూద్దునా, అక్కడ తుపాను. కిటికీలోంచి ఎండ మొహాన కొడుతుండగా నేను గొడుగు వెతుక్కున్నాను. పైసా ఖర్చు లేకుండా, కుర్చీ దిగకుండా ఇంత ప్రయాణం ఎవరు చేయిస్తారు చెప్పండి?

మా పనిలోనూ ఇలాంటిది ఉంది. పెద్ద సూట్‌కేసు జిప్పుకి రెండు రన్నర్లుంటాయి. ఎటునుంచైనా మూసుకోవచ్చు, ఎంత హాయి! రెండింటినీ చెరోవైపు లాగితే మాత్రం మధ్యలో నోరు తెరుచుకుని బనీన్లు బయటపడతాయి. బనీన్లు బయటపడ్డాయని రన్నర్లని తప్పుపడతామా?

వేలంపాట రోజు వచ్చింది. పెందలాడే భోజనం కానిచ్చి, మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. తీగ వెలుగుతోంది. డాంగిల్ వెలుగుతోంది. లాగిన్ అయ్యాను. నా జాగా ఫొటో కనపడింది. మెట్లు, వాటి కింద నా స్టూలు, గోడకి వేలాడుతున్న పాత హ్యాండిళ్ళు. నా జాగాని అంత దూరం నుంచి నేనెప్పుడూ చూడలేదు. ఎవరిదో అనుకుని జాలిపడబోయాను.

అప్పటికే ఒకాయన పాడి ఉన్నాడు. నేను ఆయన మీద ఒక మెట్టు ఎక్కించి అంకె కొట్టాను. బటన్ మీద వేలు పెట్టాను. సరిగ్గా అప్పుడే తీగ ఒకసారి కన్ను కొట్టింది. మా కంప్యూటరు, స్పీడు మాట పొల్లుపోకుండా, డాంగిల్ మీదికి దూకింది.

స్క్రీన్ మీద ఎర్ర డబ్బా పడింది. మీ ఖాతాలోకి వేరే ఊరి నుంచి ఎవరో ప్రవేశిస్తున్నారు, అది మీరేనా, అని. కింద ఊరి పేరు. దాని కింద రెండు బటన్లు, అవును, కాదు.

నేను ఆ ఊళ్ళో జన్మలో కాలు పెట్టినవాణ్ణి కాదు. ఒళ్ళు మండిపోయింది. మెట్ల కింద గుప్పెడు జాగా మీద కూడా దొంగల కన్ను పడిందా? అడిగినవాడికి నిజం చెప్పడమే నాకు అలవాటు. కాదు అని నొక్కాను. ఒకసారి నొక్కితే చాలదేమోనని రెండోసారి గట్టిగా నొక్కాను.

ధన్యవాదాలు, మీ భద్రత కోసం మీ ఖాతాను రేపటివరకు మూసివేశాం, అని వచ్చింది.

ఆనందం పట్టలేక స్పీడుకి ఫోన్ చేశాను. "ఒరేయ్, దొంగని పట్టేశాను."

"ఏ ఊరు చూపించింది బావా?"

చెప్పాను.

"బావా, అది డాంగిల్ కంపెనీవాళ్ళ మెషిన్లుండే ఊరు. ఆ దొంగవి నువ్వే."

"మరి నేను కాదని నొక్కానే!"

"అందుకే నిన్ను బయటికి నెట్టింది."

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏమండీ, ఇప్పుడు పోయింది ఎవరిది?"

చెప్పులు చేత్తో పట్టుకుని మార్కెట్ ఆఫీసుకి పరిగెత్తాను. ఇంకా నాలుగు కాలేదు. అక్కడి గుమాస్తాగారు నన్ను ఎరగనివారు కాదు, ఆయన భుజాన ఉన్న బ్యాగు జిప్పు నేను వేసిందే.

"మీరు కాదని మీరే చెప్పారు కదండీ," అన్నారు స్క్రీన్ చూస్తూ.

"ఇప్పుడు నేనేనని చెప్తున్నానండీ, మీ ఎదురుగా నిలబడి."

"నాకు కనపడుతున్నారండీ. సిస్టమ్‌కి కనపడొద్దూ?"

ఆయన తల దించుకుని బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి నాకు ఇచ్చారు. జిప్పు మాత్రం నున్నగా జరిగింది. గోడ గడియారం నాలుగు కొట్టింది.

మెట్ల కింద ఇప్పుడు కొత్త బోర్డు వేలాడుతోంది. రెండో కనెక్షన్ ఇక్కడ దొరుకును, అని. నా జాగా పాడుకున్నది నాకు డాంగిల్ అమ్మినాయనే. పాపం, మంచి మనిషి. నా స్టూలు, హ్యాండిళ్ళు తనే మోసుకొచ్చి గేటు బయట సర్దిపెట్టాడు.

ఉండబట్టలేక అడిగాను. "మీ ఇంట్లో ఎన్ని కనెక్షన్లు?"

"ఒక్కటే అన్నా. రెండు పెడితే కంప్యూటరు తికమక పడుతుంది."

ఇదివరకు వేలంపాట మార్కెట్ ఆవరణలో జరిగేది. ఆఫీసాయన బల్ల ఎక్కి అరిచేవాడు, మేము కింద నిలబడి చెయ్యెత్తేవాళ్ళం. ఆ చెయ్యి ఏ ఊరిదని ఎవరూ అడగలేదు. నా చెయ్యి నాదేనా అని నన్నే అడిగినవాడు అసలు లేడు. రెండు చేతులూ ఎత్తు బావా, ఒకటి దిగిపోతే ఇంకోటి ఉంటుందని చెప్పడానికి స్పీడుకి కూడా నోరు రాలేదు.

అయినా సరే, మీరు రెండో కనెక్షన్ పెట్టించుకోండి. నా మాట విని పెట్టించుకోండి. నేనొక్కణ్ణే ఈ సుఖం అనుభవించడం ధర్మం కాదు. నాకు పోయిందల్లా మెట్ల కింద కాస్త నేల. వెడల్పు నాలుగడుగులు, పొడవు ఆరున్నర. ఎత్తు ఎప్పుడూ కొలవలేదు, లేచి నిలబడితే మెట్టు తలకి తగిలేది.