వంటింటి మీదుగా సాగిన నృత్యం

ఆ శనివారం ఉదయం మర్డో వేసుకున్న పథకం చిన్నది. చర్చి హాలు తాళం తీసి, టీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, భార్య ఎఫీ పరీక్ష ముగిసేదాకా ఆ హాలు వంటింట్లోంచి కదలకుండా ప్రార్థన చేసుకోవడం. గ్లెనార్డ్ ఊళ్ళో స్కాట్లండ్ జానపద నృత్యం నేర్పే పెద్దావిడ మానుకున్నాక ఆ పని ఎఫీ నెత్తికెత్తుకుంది. పట్నం నుంచి వచ్చిన పరీక్షాధికారిణి శ్రీమతి కెర్ ఎదుట పాఠం చెప్పి నెగ్గితేనే తరగతి నిలుస్తుంది. లేకపోతే మూతే.

నాలుగు జంటలు కావాలి. ఆడాల్సినవాళ్ళలో ట్యామ్ ఒక్కడు రాలేదు, అతని గొర్రెలు ఈనుతున్నాయట.

ఎఫీ వంటింట్లోకి తొంగిచూసింది. "వచ్చి యూనా పక్కన నిలబడు."

"నేనా? నేను ఆడితే మన గొర్రెలు కూడా తల తిప్పుకుంటాయి."

"గొర్రెల్ని పిలవలేదులే. నడు."

పోస్టాఫీసు నడిపే యూనా అతని చెయ్యి అందుకుంది. "భయమెందుకయ్యా? ఎఫీ చెప్పే మొదటి మాట గుర్తుందిగా. దారి తప్పినవాణ్ణి ఒంటరిగా వదలొద్దు, నవ్వుతూ వెంట వెళ్ళాలి. పాట ముగిసేసరికి ఎవరి చోట వాళ్ళుండాలి. అంతే."

"మోషే కోసం సముద్రాన్నే చీల్చావు. నాకోసం ఈ చెక్కనేలను కాస్త చీల్చలేవా ప్రభువా?" అని మర్డో లోలోపల అడుగుతుండగానే ఫిడేలు మొదలైంది.

సరిగ్గా అతని జంట ముందు నడవాల్సిన వంతులో వంటింట్లో కెటిల్ ఈల వేసింది. మర్డో కాళ్ళు అటే తిరిగాయి. పాపం దారి తప్పాడనుకుని యూనా నవ్వుతూ వెంట నడిచింది. పరీక్ష కోసం ఎఫీ కొత్త గమనమేదో దాచి ఉంచిందనుకుని వెనకవాళ్ళూ కదిలారు. మర్డో తానా అంటే మిగతా ఏడుగురూ తందానా.

మర్డో పొయ్యి ఆర్పాడు. వెనక్కి తిరుగుదామంటే గుమ్మం నిండా జనం. చేసేదిలేక పెరటి తలుపు తీశాడు. వానతుంపర్లో, చర్చి సమాధుల పక్కగా, అడుగు తడబడకుండా ఆ బారు సాగిపోయింది.

హాల్లో ఎఫీ, శ్రీమతి కెర్, ఆగని ఫిడేలు మిగిలారు.

"ఈ గమనం పేరేమిటమ్మా?"

ఎఫీకి అబద్ధం చేతకాదు. "నాకూ తెలియదండీ."

అంతలో వీధి తలుపు తెరుచుకుంది. ఎనిమిదిమందీ తడిసి, నవ్వుతూ లోపలికొచ్చి, ఆఖరి స్వరానికి ఎవరి చోట వాళ్ళు నిలిచి వంగి నమస్కరించారు.

శ్రీమతి కెర్ చేతిలోని పుస్తకం మూసింది. "తప్పు లేకుండా ఆడించే టీచర్లు చాలామంది ఉన్నారమ్మా. తప్పినవాడి వెంట వానలోకి నడిచే శిష్యుల్ని ఇక్కడే చూశాను. నువ్వు నెగ్గావు. వేసవి జాతరలో ఆ నాట్యమే ఆడించు. నేర్పవలసింది మాత్రం మీ ఆయనే."

వేసవి దాకా సాధన చేశారు గానీ, ఆ తప్పు మళ్ళీ ఒక్కరికీ సరిగ్గా రాలేదు.